నానా అంటే అమ్మ

కాకసస్ కొండల్లో మాట్లాడే ఇంగుష్ భాషలో అమ్మని 'నానా' అంటారు. నాన్నని 'దా' అంటారు. మొదటిసారి ఈ రెండు మాటలూ చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో 'నాన్నా' అని కేకేస్తే పేపరు మడిచి పక్కన పెట్టి "ఏంటమ్మా" అనే మనిషి ఒకరు. అక్కడ ఆ కేకకి వంటింట్లోంచి ఇంకొకరు బయటికొస్తారన్నమాట. 'నానా మొత్త్' అంటే మాతృభాష. 'మొత్త్' అంటే నోట్లో ఉండే నాలుక, మాట్లాడే భాష, రెండూను. అమ్మ నాలుక. తెలుగులో 'మాతృభాష' అనగానే నాకు స్టేజీ, మైకు, శాలువా గుర్తొస్తాయి. అమ్మ నాలుక అంటే మాత్రం, అన్నం పళ్ళెంలో వదిలేసి లేచినందుకు తిట్టే నాలుక గుర్తొస్తుంది.

నన్ను ఈ భాష దగ్గరికి తీసుకెళ్ళింది ఒక పాడైపోయిన ఫైలు. 2003లో మా పెదనాన్న మా ఇంటిపేరు వాళ్ళందరి వంశవృక్షం తయారుచేశారు. అప్పుడు నేను విజయవాడలో ఒక డీటీపీ సెంటర్లో పనిచేస్తున్నాను కాబట్టి టైపు చేసే పని నా మీద పడింది. అప్పట్లో మేం వాడిన తెలుగు ఫాంట్లలో ఒక కిటుకుంది. కంప్యూటరు దృష్టిలో అవన్నీ ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే. వాటి మీద తెలుగు ముసుగు వేసేది ఫాంటు. అది ఉన్న మెషిన్లో తెరిస్తే పెదనాన్న, తాతయ్య, ముత్తాత వరసగా కనిపిస్తారు. లేని మెషిన్లో తెరిస్తే కామాలు, బ్రాకెట్లు, నెత్తిన టోపీలు పెట్టుకున్న ఫ్రెంచి అక్షరాలు. పోయినేడాది పెదనాన్న పోయారు. కార్యక్రమాలన్నీ అయ్యాక ఒకరోజు ఆ ఫైలు తెరిస్తే మా వంశమంతా కామాలూ బ్రాకెట్లే.

ఒక్క తరంలో లిపి మారిపోతే జనం ఏమైపోతారో చూద్దామని అలా వెతుక్కుంటూ వెళ్ళాను. అరబ్బీ లిపి వదిలేసి లాటిన్‌కి మారిన టర్కీ కథ చాలామందికి తెలిసిందే. నన్ను పట్టుకున్నది మాత్రం కాకసస్ కొండల్లోని ఈ చిన్న జాతీ, వాళ్ళకి రాత అలవాటు చేసిన జౌర్బెక్ మాల్సాగోవ్ అనే పండితుడూ. ఆయన 1894లో పుట్టి 1935లో పోయారు. బతికింది నలభై ఏళ్ళు, అటూ ఇటూగా.

ఇంగుషేతియా రష్యాకి దక్షిణ అంచున, జార్జియాని ఆనుకుని ఉంటుంది. రష్యాలోని గణతంత్రాల్లోకెల్లా విస్తీర్ణంలో చిన్నది. 2010 జనాభా లెక్కల్లో రష్యా మొత్తం మీద ఇంగుష్‌లు 4.45 లక్షల మంది తేలారు. వాళ్ళు తమని తాము 'గల్గాయ్' అనుకుంటారు. 'ఇంగుష్' అన్నది అంగుష్త్ అనే ఊరి పేరు పట్టుకుని రష్యన్లు పెట్టిన పేరు. పక్కనే ఉన్న చెచెన్ భాష దీనికి తోబుట్టువు. వెలుగుని చెచెన్‌లో 'సెర్లో' అంటారు, ఇంగుష్‌లో 'సెర్దాలో' అంటారు. అంత దగ్గర.

మాల్సాగోవ్ అనే పేరులో చివరి 'ఓవ్' రష్యన్ ఆఫీసు తగిలించిన తోక. ఇంగుష్‌లో ఆ ఇంటివాళ్ళని 'మాల్సగనెకన్' అంటారు. అందులో 'దారి' అనే మాట దాగి ఉంది. మాల్సగ్ అనే పూర్వీకుడి దారిలో వచ్చినవాళ్ళు అని అర్థం. ఇంకో సంగతి. సొంత భాషలో రాసుకునేటప్పుడు ఇంటిపేరు ముందు, మనిషి పేరు తర్వాత. అచ్చం మనలాగే. ఇది చదివినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మా తమ్ముడి టికెట్లో ఇంటిపేరు ఒకచోట, పాస్‌పోర్టులో ఇంకోచోట పడి, ఎయిర్‌పోర్టు కౌంటరు దగ్గర వాణ్ణి గంటసేపు నిలబెట్టారు. "వీటిలో మీ పేరేది?" అని అడిగితే "రెండూ నావే" అన్నాడట. ప్రపంచంలో ఈ ఇబ్బంది పడేవాళ్ళం మనమొక్కళ్ళమే కాదన్నమాట.

ఇంగుష్ పిల్లలకి ఏడు తరాల పూర్వీకుల పేర్లు కంఠతా రావాలని పెద్దలు పట్టుబట్టేవారు. మనలో చాలామందికి ముత్తాత పేరు దగ్గరే తడబాటు. తద్దినం రోజున అయ్యగారు అడిగితే మూడు తరాలు చెప్పేసి ఊపిరి పీల్చుకుంటాం.

ఏ పండితుడి జీవితచరిత్ర తెరిచినా మొదటి పేరాలో 'సుప్రసిద్ధమైన ఫలానా వంశంలో జన్మించారు' అని ఉంటుంది. ప్రూఫ్‌రీడింగ్ చేసేటప్పుడు నేను ఆ పేరా మీద కన్ను అలా జార్చేసేదాన్ని. తప్పుల్లేకపోతే చాలు, చదవక్కర్లేదు. మాల్సాగోవ్‌ల విషయంలో ఆ పేరాయే అసలు కథ అనిపించింది. ఈ ఇంటిపేరు ఎక్కడెక్కడ తగులుతుందో చూడండి. జారు సైన్యంలో జనరల్ అయిన సఫర్‌బెక్ మాల్సాగోవ్ ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ విమానం నడుపుతూ 1942లో చనిపోయిన అహ్మెత్‌ఖాన్ మాల్సాగోవ్ ఉన్నారు. చెచెన్-ఇంగుష్ మాండలికాల మీద 1941లో గ్రోజ్నీలో పుస్తకం వేసిన దోష్లుకో మాల్సాగోవ్ ఉన్నారు. ఇంగుషేతియాలో నజ్రాన్ అనే ఊళ్ళోని మ్యూజియం పేరులోనూ ఇంకో మాల్సాగోవ్ ఉన్నారు. వీళ్ళందరూ ఒక్క కడుపున పుట్టినవాళ్ళని నేననడం లేదు. అక్కడ ఒక ఇంటిపేరు అంటే ఒక పెద్ద దండు.

వీళ్ళలో సోజెర్కో మాల్సాగోవ్ దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. జౌర్బెక్ కంటే ఒక్క ఏడాది చిన్న, 1895లో పుట్టారు. జారు సైన్యంలో అధికారిగా చేసి, తర్వాత బోల్షెవిక్‌లకి వ్యతిరేకంగా పోరాడారు. క్షమాభిక్ష ప్రకటించారు కదా అని నమ్మి లొంగిపోతే, తీసుకెళ్ళి ఉత్తరాన తెల్ల సముద్రం దగ్గర సొలొవెట్స్కీ జైలు శిబిరాల్లో పడేశారు. 1925 మే 18న కెమ్ అనే చోట కట్టెలు కొట్టడానికి బయటికి తీసుకెళ్ళినప్పుడు, ఐదుగురు ఖైదీలు కాపలావాళ్ళ తుపాకులు లాక్కుని పారిపోయారు. ఆ ఐదుగురిలో ఈయన ఒకరు. 36 రోజులు కరేలియా బురదల్లో పడి నడిచి ఫిన్లాండు చేరారు. ఆ మరుసటి ఏడాదే లండన్‌లో ఆయన రాసిన శిబిరాల కథ పుస్తకంగా వచ్చింది. సోవియట్ శిబిరాల లోపల ఏం జరుగుతోందో బయటి ప్రపంచానికి చెప్పిన తొలి పుస్తకాల్లో అదొకటి. తర్వాత పోలండు సైన్యంలో చేరారు, జర్మన్లకి పట్టుబడ్డారు, చివరికి 1976లో ఇంగ్లండులో పోయారు. ఇంటికి మళ్ళీ వెళ్ళలేదు.

అదే 1925లో జౌర్బెక్ మాల్సాగోవ్ ఇంగుష్ వ్యాకరణం వ్లాదికావ్‌కాజ్ నగరంలో అచ్చయింది.

ఒకే ఇంటిపేరు, దాదాపు ఒకే వయసు, ఒకే సంవత్సరం. ఒకరు ఆ ప్రభుత్వం శిబిరంలోంచి పారిపోతున్నారు. ఇంకొకరు ఆ ప్రభుత్వం ఇచ్చిన కాగితం మీద, ఆ ప్రభుత్వం ప్రెస్సులో సొంత భాషకి వ్యాకరణం అచ్చు వేయిస్తున్నారు. ఎవరు ధైర్యవంతుడు, ఎవరు రాజీపడ్డాడు అని తీర్పు చెప్పడం కుర్చీలో కూర్చున్నవాళ్ళకి సుఖంగానే ఉంటుంది. నాకు ఆ సరదా లేదు. ఇద్దరూ చేసింది ఒకటే పని అనుకుంటాను, తమవాళ్ళ సంగతి అచ్చులోకి ఎక్కించడం. ఒకరు బయటివాళ్ళకి చెప్పారు, ఒకరు లోపలివాళ్ళకి.

జౌర్బెక్‌కి ముందు ఈ పనికి దిగిన ఇంగుష్ మనిషి ఒకాయన ఉన్నారు. చాహ్ అహ్రియెవ్, 1850లో పుట్టారు. చిన్నతనంలోనే ఆయన్ని కొండ ఊరి నుంచి వ్లాదికావ్‌కాజ్‌కి 'అమానత్'గా పట్టుకెళ్ళారు. ఈ మాట మనకీ తెలుసు, ముఖ్యంగా తెలంగాణలో. నమ్మకంగా దాచిపెట్టమని ఒకరి చేతికిచ్చిన సొమ్ము అమానత్. కాకసస్‌లో అదే అరబ్బీ మాట మనుషుల తాకట్టుకి వాడారు. ఊరివాళ్ళు తిరగబడకుండా పెద్దింటి పిల్లల్ని సైన్యం తన దగ్గర ఉంచుకునేది. ఆ తాకట్టు పిల్లవాడు రష్యన్ బళ్ళలో చదువుకుని పెద్దయ్యాక 1870లలో ఇంగుష్‌ల పండగలు, కథలు, ఆచారాలు రాసిపెట్టారు. రష్యన్‌లో. తనవాళ్ళ గురించి రాశారు గానీ తనవాళ్ళు చదువుకునేలా రాయడానికి వీల్లేకపోయింది. ఆ భాషకి అప్పటికి స్థిరపడ్డ రాత లేదు. పక్కనున్న చెచెన్‌కి 1862లో ఉస్లార్ అనే రష్యన్ సైనికాధికారి ఒక వర్ణమాల కట్టారు. ఇంగుష్‌కి అరబ్బీ అక్షరాలతో కొన్ని ప్రయత్నాలు జరిగాయి. ఏదీ జనంలోకి దిగలేదు.

జౌర్బెక్ ఎంచుకున్నది లాటిన్ అక్షరాలు. రష్యన్ లిపి అంటే జారు పెత్తనం అనీ, అరబ్బీ లిపి అంటే మసీదు అనీ అనుకున్న రోజులు. లాటిన్ ఎవరిదీ కాదు కాబట్టి అందరిదీ అన్నట్టుండేది. దాన్ని ఇంగుష్ ధ్వనులకి సరిపెట్టడం మాత్రం తమాషా కాదు. మన 'క'కి ఒత్తు పెడితే 'ఖ', అంటే గాలి ఎక్కువ వదలాలి. ఇంగుష్‌లో ఇంకో రకం 'క' ఉంది. గొంతు మూసిపెట్టి, ఊపిరి ఆపి, టప్పున పేల్చాలి. అలాంటి 'త', 'ప', 'చ' కూడా ఉన్నాయి. నేను అద్దం ముందు నిలబడి ప్రయత్నిస్తే మా అమ్మాయి వచ్చి "ఎక్కిళ్ళా? నీళ్ళు తాగు" అంది. ఈ పేలే ధ్వనులకి జౌర్బెక్ లిపిలో అక్షరం పక్కన 'హెచ్' చేర్చారు. చక్కటి ఏర్పాటు, ఏ టైప్‌రైటర్‌లోనైనా దొరుకుతుంది.

ఆ లిపి పట్టుమని పదిహేనేళ్ళయినా నిలవలేదు. 1934 జనవరిలో చెచెన్, ఇంగుష్ ప్రాంతాలు రెండూ కలిపేశారు, దాంతోపాటు రెండు భాషలకీ కలిపి ఉమ్మడి రాత వచ్చింది. 1938లో మొత్తం తీసేసి రష్యన్ అక్షరాలు పెట్టారు. ఇప్పుడు ఆ పేలే ధ్వనుల పక్కన ఒక నిలువు గీత గీస్తారు. దాన్ని రష్యన్‌లో 'పాలోచ్కా' అంటారు, పుల్ల అని. ఆ పుల్ల మామూలు కీబోర్డుల మీద ఉండదు. అందుకని జనం ఫోన్లలో దాని బదులు ఒకటి అంకె కొడతారు. కొడుకుని 'వొ' అంటారు, కూతుర్ని 'యొ' అంటారు, రెంటికీ చివర గొంతు లోపల చిన్న నొక్కు ఉంటుంది. ఆ నొక్కుకీ పుల్లే గుర్తు. అంటే ఇంగుష్ అమ్మ మెసేజ్‌లో కొడుకు, కూతురు అని రాస్తే ఒక్కో మాట చివర ఒక్కో 1. మనవాళ్ళు వాట్సాప్‌లో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతూ 'ళ'కి ఒకరోజు ఒకటి, మరోరోజు ఇంకొకటి పెట్టినట్టే.

అందుకే జౌర్బెక్‌ని 'ఇంగుష్ లిపి సృష్టికర్త' అని పొగిడి వదిలేయడం నాకు నచ్చదు. ఆ లిపి పోయింది. ఈ తరం ఇంగుష్ పిల్లలకి అందులో అచ్చయిన కాగితం ఇస్తే, నాకు మా వంశవృక్షం కనిపించినట్టే కనిపిస్తుంది. లిపి మాత్రమే ఆయన పనైతే ఆయన ఓడిపోయినట్టే లెక్క.

ఆయన అసలు పని 1923 మే 1న బయటికొచ్చింది. పేరు 'సెర్దాలో'. ఇంగుష్ భాషలో మొట్టమొదటి పత్రిక, దానికి స్థాపకుడూ తొలి సంపాదకుడూ ఆయనే. వ్యాకరణం కంటే రెండేళ్ళు ముందే పత్రిక వచ్చిందని గమనించండి. మామూలుగా మనం ఊహించుకునే వరస వేరు. ముందు లిపి, తర్వాత వ్యాకరణం, తర్వాత నిఘంటువు, పాఠ్యపుస్తకం, అన్నీ సిద్ధమయ్యాక ఎప్పుడో పత్రిక. ఆయన అంతవరకూ ఆగలేదు. చేతిలో నమూనా కూడా లేకుండా, చదవగలిగేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టగలిగే మంది ఉన్నప్పుడే పత్రిక మొదలుపెట్టేశారు.

పత్రికాఫీసులో కూర్చున్నదాన్ని కాబట్టి ఆ టెన్షన్ నాకు కొంచెం తెలుసు. వ్యాకరణం రాసేవాడికి సందేహం వస్తే రేపు ఆలోచించుకోవచ్చు. పత్రిక వేసేవాడికి సాయంత్రం లోపు ఫారం ప్రెస్సుకి పోవాలి. ఒక మాటని ఈ ఊళ్ళో ఒకలా, ఆ ఊళ్ళో ఇంకొకలా పలుకుతారు, ఏది వేయాలి? 'ఓటు'కి మాట లేదు, 'బడ్జెట్'కి మాట లేదు, 'తీర్మానం'కి మాట లేదు, ఏం చేయాలి? ఏదో ఒకటి వేసెయ్యాలి. తప్పయితే వచ్చే సంచికలో మార్చుకోవచ్చు. భాషని అచ్చుకి అలవాటు చేసేది ఇలాంటి తొందరపాటు నిర్ణయాలే. ఆయన నాటకాలు కూడా అమ్మాయిల్ని ఎత్తుకెళ్ళి పెళ్ళి చేసుకోవడం మీద, కుటుంబాల మధ్య రక్తపు పగల మీద రాశారు. ఊళ్ళో జనం అరుగుల మీద కూర్చుని గొడవపడే విషయాలవి. కొత్త లిపి నేర్చుకోవాలనిపించాలంటే అందులో మన గొడవలు ఉండాలి మరి.

1926లో వ్లాదికావ్‌కాజ్‌లో ఇంగుష్ పరిశోధనా సంస్థ ఏర్పడింది, జౌర్బెక్ దాన్లో పనిచేశారు. రష్యన్ భాషావేత్త నికొలాయ్ యాకొవ్లెవ్‌తో ఆయన స్నేహం ఒక మాటని లోకానికిచ్చింది. ఆ మాట తెలుగువాళ్ళకి వివరించడం చాలా తేలిక, ఇంగ్లీషువాళ్ళకీ రష్యన్లకీ చచ్చేంత కష్టం.

ఇంగుష్‌లో 'వై' అంటే మనం. 'త్ఖొ' అంటే మేము. ఎదుటి మనిషిని కలుపుకుంటే ఒకటి, వదిలేస్తే ఒకటి. రష్యన్‌లో రెంటికీ ఒకటే మాట, ఇంగ్లీషులోనూ అంతే. హిందీలో కూడా 'హమ్' ఒక్కటే. "మేం సినిమాకి వెళ్తున్నాం" అని అక్క అంటే నాలుగేళ్ళ పిల్లకి కూడా ఏడుపొస్తుంది. "మనం" అంటే చెప్పులేసుకుంటుంది. ఆ తేడా కాకసస్ కొండల్లో ఒక పిల్లకి కూడా తెలుసు. చెచెన్‌లూ ఇంగుష్‌లూ కలిసి ఒకే జనం అని చెప్పడానికి ఒక పేరు కావాల్సి వచ్చినప్పుడు, యాకొవ్లెవ్, మాల్సాగోవ్ ఈ 'వై'ని పట్టుకున్నారు. 'నఖ్' అంటే జనం. 'వైనఖ్' అంటే మనవాళ్ళు. 'మావాళ్ళు' అనలేదు చూడండి. ఆ మాట విన్న చెచెన్ మనిషీ అందులో ఉంటాడు, ఇంగుష్ మనిషీ ఉంటాడు. ఇంత పొందికైన జాతి పేరు నేనింకోటి చూడలేదు.

అయితే పదేళ్ళు తిరక్కుండానే ఆ కలుపుకోవడం ఆఫీసు ఉత్తర్వైంది. 1934లో రెండు ప్రాంతాలూ కలిసినప్పుడు చిన్నది ఇంగుషేతియా, పెద్దది చెచ్న్యా, రాజధాని గ్రోజ్నీ. అంతకుముందే 1933లో వ్లాదికావ్‌కాజ్ నగరం పక్కనున్న ఒసేతియాకి వెళ్ళిపోయింది. పత్రిక పుట్టిన ఊరూ, పరిశోధనా సంస్థ ఉన్న ఊరూ అదే. 'మనం' అనే మాటలో చిన్నవాళ్ళు కరిగిపోతామేమో అన్న బెంగ ఇంగుష్‌లలో కొందరికి ఈనాటికీ ఉంది. దాన్ని సంకుచితం అని కొట్టిపారేయలేను. ఉమ్మడి రాష్ట్రం చూసినవాళ్ళకి ఈ 'మనం', 'మేం' గొడవ ఎంత దూరం వెళ్తుందో వేరే చెప్పాలా?

జౌర్బెక్ మాత్రం 1935లోనే పోయారు. స్టాలిన్ కాలపు 1937 అరెస్టులు చూడలేదు. 1944 కూడా చూడలేదు.

1944 ఫిబ్రవరి 23. సోవియట్ సైన్యం పండగ రోజు. ఆ తెల్లవారుజామునే చెచెన్, ఇంగుష్ ఊళ్ళని సైనికులు చుట్టుముట్టారు. జర్మన్లకి సాయం చేశారన్న నేరం మోపి మొత్తం జనాన్ని, పసిపిల్లల్ని, పండు ముసలివాళ్ళని, సెలవు మీద వచ్చిన సోవియట్ సైనికులని కూడా లారీలెక్కించి రైళ్ళలో కజఖ్‌స్తాన్, కిర్గిజ్ ప్రాంతాలకి తోలేశారు. ఆ నెలాఖరుకి స్టాలిన్‌కి ఆయన రహస్య పోలీసుల అధిపతి బేరియా పంపిన లెక్క 4,78,479 మంది, అందులో ఇంగుష్‌లు 91,250. అహ్మెత్‌ఖాన్ మాల్సాగోవ్ ఆ దేశం కోసం విమానంలో చనిపోయి రెండేళ్ళు కూడా నిండలేదు. ఆయనకి 'రష్యా హీరో' బిరుదు 1995లో ఇచ్చారు. ఏడు తరాలు కంఠతా పెట్టుకున్న ఇంటిపేరే ఆ రోజున ఛార్జిషీటు అయింది. జాతి ఏదో చూశారు, మనిషి ఏం చేశాడో చూడలేదు.

1957 జనవరి దాకా పదమూడేళ్ళు. సొంత బడి లేదు, సొంత గణతంత్రం మ్యాపులోనే లేదు. 1948 ఉత్తర్వు ప్రకారం ఈ ప్రవాసం శాశ్వతం, చెప్పిన చోటు దాటి పారిపోతే ఇరవై ఏళ్ళ కఠిన శిక్ష. చివర్లో, స్టాలిన్ పోయాక, 1955లో ఆల్మా-ఆతా నుంచి ఒక పత్రిక మొదలైంది. అంతవరకూ ఇంగుష్ భాషకి ఉన్న చోటు ఇల్లొక్కటే.

ఇక్కడ నాతో చాలామంది వాదనకి దిగుతారు. "చూశావా, బడి లేకపోయినా, పేపరు లేకపోయినా ఇల్లే కాపాడింది కదా. మనం కూడా ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నాం. పిల్లలకి చదవడం రాకపోతే ఏమైంది?" మా అపార్ట్‌మెంట్‌లో ఈ మాట వారానికోసారి వింటాను. అమెరికాలో ఉన్న చుట్టాలు ఇంకా గట్టిగా అంటారు.

ఇల్లు కాపాడిందన్నది నిజం, దానికి దణ్ణం పెడతాను. కాకపోతే ఇల్లు భాషని ఉన్నది ఉన్నట్టు దాస్తుంది, ఊరగాయ జాడీలాగా. జాడీలో పెట్టిన కాయ పాడవదు, పెరగదు కూడా. ఇంట్లో ఉప్పు, పొయ్యి, జ్వరం, తిట్టు, జోలపాట, చావు, పెళ్ళి అన్నీ ఉంటాయి. నేల కొలతల నోటీసు ఉండదు. ఆస్పత్రిలో సంతకం పెట్టమనే కాగితం ఉండదు. ఎదుటివాడి అభిప్రాయాన్ని మర్యాదగా ఖండించే వ్యాసం ఉండదు. పదమూడేళ్ళలో కజఖ్‌స్తాన్‌లో బడికెళ్ళిన పిల్లలు ఆ మాటలన్నీ రష్యన్‌లో నేర్చుకున్నారు, వాళ్ళ పిల్లలూ అంతే. యునెస్కో తన లెక్కలో ఇంగుష్‌ని 'ముప్పు పొంచి ఉన్న' భాషల తొలిమెట్టు మీద పెట్టింది. ఆ మెట్టుకి వాళ్ళిచ్చిన నిర్వచనం నన్ను కుదిపేసింది. చాలామంది పిల్లలు ఆ భాష మాట్లాడతారు, కానీ అది ఇల్లు లాంటి కొన్ని చోట్లకే పరిమితమై ఉండొచ్చు. అంటే 'ఇంట్లో మాట్లాడుతున్నాం కదా' అని మనం ధైర్యంగా చెప్పుకునేది వాళ్ళ పుస్తకంలో మొదటి ప్రమాద సూచిక.

'ఏ మెషిన్లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే యూనికోడ్ వచ్చింది, యాప్‌లు వచ్చాయి, ఇక భయం లేదు' అనే రెండో వాదన సంగతి మా ఫైలు చెప్తుంది. లిపి చేతిలో ఉంటే సరిపోదు. అందులో ఏముందన్నదే ప్రశ్న.

మన దగ్గర గిడుగు వెంకట రామమూర్తి గారు గుర్తొస్తారు. పర్లాకిమిడిలో ఉండి, సవరల భాష నేర్చుకుని, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. కొడుకు సీతాపతి గారు ఆ దారినే నడిచారు. భాషాశాస్త్రం ఒక ఇంటిపని అవడమంటే అదీ. పిడుగు లాంటి మనిషి, ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, అంతా నిజమే. అయినా ఆయన సవర కాదు. సవరలకి 1936లో మంగేయ్ గొమాంగో అనే సవర మనిషే సొంత లిపి కట్టుకున్నారు. బయటి పండితుడు ఎంత ప్రేమగా చేసినా వ్యాకరణం ముఖం బయటికే ఉంటుంది, బయటివాళ్ళు చదవడానికి. అమెరికాలో జొహన్నా నికల్స్ 2011లో తెచ్చిన ఇంగుష్ వ్యాకరణం ఎనిమిది వందల పేజీల పైమాటే, ఈ భాష మీద ఇంత వివరంగా ఇంకోటి రాలేదంటారు. అది ఇంగ్లీషులో ఉంది. 'సెర్దాలో' ఇంగుష్‌లో ఉంది, ఇప్పటికీ వస్తోంది. నన్నడిగితే రెండోదానికే నా ఓటు.

2018లో రష్యాలో చట్టం మార్చారు. ఆయా గణతంత్రాల మాతృభాషలు బళ్ళో చెప్పాలంటే తల్లిదండ్రులు అర్జీ పెట్టుకోవాలి. ఫలానా భాష మా పిల్లకి నేర్పండి అని సంతకం చేసి ఇవ్వాలి. చూడ్డానికి పూర్తిగా స్వేచ్ఛే. ఉద్యోగాలన్నీ రష్యన్‌లో ఉన్నచోట ఆ సంతకం ఎంతమంది పెడతారో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మా అమ్మాయి స్కూల్లో ఆరో తరగతికి సెకండ్ లాంగ్వేజ్ ఫారం వచ్చినప్పుడు, నేనూ పెన్ను పట్టుకుని, మార్కులు బాగా వస్తాయని ఎవరో చెప్పిన భాష దగ్గర కాసేపు ఆగాను. తెలుగుకే టిక్ పెట్టాను గానీ, ఆగిన మాట నిజం.

మా వంశవృక్షానికి అచ్చు కాపీ ఒకటి మిగిలింది. తెనాలిలో పెద్దమ్మ దగ్గర, బీరువాలో, పట్టుచీరల కింద. జిరాక్సు, మడతల దగ్గర చిరిగింది. పోయిన నెల వెళ్ళి ఫోన్లో ఫోటోలు తీసుకొచ్చి, యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేయడం మొదలుపెట్టాను. ఐదు తరాలు, అరవై మూడు పేర్లు. అన్నీ మగవాళ్ళవే. కోడళ్ళున్న చోట బ్రాకెట్లో 'భార్య' అని ఉంది, పేరు లేదు. కూతుళ్ళు అసలే లేరు. 2003లో ఇదే కాగితం టైపు చేసినప్పుడు అందులో నా పేరు కూడా లేదని నేను గమనించనైనా లేదు.

ఇప్పుడు రోజూ రాత్రి తొమ్మిదింటికి సీరియల్ అయ్యాక పెద్దమ్మకి ఫోన్ చేస్తున్నాను. ఆవిడ చెప్తుంటే నేను కొడుతున్నాను. నిన్న ముత్తాత భార్య దగ్గరికి వచ్చాం. "ఆవిడ పేరా? మీ పెదనాన్నకి తెలీదు, నాకు తెలుసు. మా అత్తగారు ఒకసారి చెప్పింది. అత్తగారి పేరు ఎత్తకూడదని చెవిలో చెప్పిందిలే" అంది. చెప్పింది. రాసుకున్నాను. ఆ పేరులో ఒక బండి ఱ ఉంది. కీబోర్డులో అదెక్కడుందో వెతకడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది.